వార్చిన నీళ్ళు

ముప్ఫై ఏళ్ళపాటు నేను మనుషుల్ని పైనుంచే చూశాను. కారఖానాలో క్రేన్ డ్రైవర్ని. షెడ్డు కప్పుకి కాస్త కిందుగా వేలాడే ఇనప క్యాబిన్‌లో కూర్చుంటే, కింద తిరిగేవాళ్ళ హెల్మెట్లు తప్ప ముఖాలు కనబడవు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. కిందున్నవాడు చెయ్యి ఊపుతాడు, నేను కొక్కెం దించుతాను. గుప్పిట బిగిస్తాడు, ఆపుతాను. నా పేరు పోలరాజు. నా స్వభావానికి అతికినట్టు సరిపోయిన ఉద్యోగమని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. నేనూ అవునని నవ్వేవాణ్ణి. ఇంటికొస్తే రెండు షిఫ్టులకి సరిపడా మాట్లాడే సూరమ్మ ఉండేది కాబట్టి ఆ నవ్వు నవ్వగలిగాను.

సూరమ్మ నా భార్య. పోయి రెండేళ్ళు దాటింది. ఝార్ఖండ్‌లోని ఈ కారఖానా ఊళ్ళో, బర్మామైన్స్‌లో మాది రెండు గదుల ఇల్లు, గుమ్మం ముందు కాలువ, సందు చివర రైళ్ళ చప్పుడు. రిటైరయ్యాక మాట్లాడ్డానికి తీరిక దొరికింది గానీ మనిషి లేకుండా పోయింది. మా అమ్మాయి శ్వేత ఊళ్ళోనే ఉంది. కాసిడీహ్‌లో కాపురం, బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. "ఖానా ఖాయా పాపా? దవాయీ లీ?" అంటుంది. "తిన్నాను. ఏసుకున్నాను" అంటాను. తను హిందీలో, నేను తెలుగులో. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. పిల్ల మంచిదే, తీరిక లేనిది. ఫోన్ పెట్టేశాక ఫ్రిజ్ గురగుర వినబడుతుంది.

పక్కింట్లో రీనా ఉంటుంది. ఆటో నడిపే అతని భార్య. సూరమ్మా ఆమే ఒకే కంచంలో తిన్నంత స్నేహంగా ఉండేవారు. ఒకరికి హిందీ సరిగా రాదు, ఇంకొకరికి తెలుగు అసలు రాదు, అయినా పొద్దల్లా గుమ్మాల్లో కూర్చుని ఏం మాట్లాడుకునేవారో దేవుడికే తెలియాలి. సూరమ్మ పోయాక కాలువ దగ్గర మాకు తగువొచ్చింది. ఆమె బట్టలుతికిన నీళ్ళు నా గుమ్మం ముందు నిలబడుతున్నాయని నేను, నా చెత్త అడ్డుపడే నిలబడుతున్నాయని ఆమె. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరం కాలువ వైపు చూస్తాం.

ఇలాంటి ఇంట్లో నన్ను నిలబెట్టింది చారు. నవ్వకండి. వంటలో నాకు చేతనైంది అదొక్కటే. కందిపప్పు ఉడికాక పైన తేరే పల్చటి నీళ్ళని మా వైపు కట్టు అంటారు. ఆ కట్టుని పారబోసే ఇల్లాలు మా సోంపేట వైపు ఇంకా పుట్టలేదు. చింతపండు పిసికి, మిరియాలూ జీలకర్రా దంచి వేసి, కట్టు చారు పెట్టాల్సిందే. సూరమ్మ పప్పుతో ఆగలేదు. ఆనపకాయ ఉడకబెట్టినా, ములక్కాడ ఉడకబెట్టినా, తోటకూర ఉడకబెట్టినా ఆ నీళ్ళన్నీ చారులోకే. "సారమంతా అందులోనే ఉంటాది. పారబోత్తే ఏటి మిగుల్తాది, పిప్పి!" అనేది.

ఆమె పోయిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం తోచక చారు పెట్టాను. ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు నూనెలో పడ్డాయి. ఆ పోపు గిన్నెలోకి వంపగానే ఇల్లంతా ఒక్కసారి సూరమ్మ వాసనైపోయింది. వంటింట్లో ఆమె వెనక్కి తిరిగి నిలబడి ఉన్నట్టే ఉంది. గ్లాసుతో తాగుతూ చాలాసేపు ఏడ్చాను. తర్వాత నుంచి ప్రతి సాయంత్రం పెట్టేవాణ్ణి. వాసన ఉన్నంతసేపూ నేను ఒంటరివాణ్ణి కాను.

షుగరూ బీపీ నాకు పాత చుట్టాలే. అవి రెండూ కలిసి కిడ్నీల్ని తినేశాయని ఈమధ్యే బయటపడింది. కాళ్ళు వాచి ఆసుపత్రికి వెళ్తే రక్తం తీసుకుని, పొటాషియం ఎక్కువగా ఉంది, జాగ్రత్తపడకపోతే గుండె ఆగుతుంది అన్నారు. అంత మాటని అంత మామూలుగా అన్నారు. పొటాషియం అంటే ఏదో రసాయనాల షెడ్డులో డ్రమ్ముల మీద చదివిన పేరు. నా ఒంట్లో కూడా ఉందని నాకు తెలీదు.

తినకూడనివి హిందీలో గడగడా చెప్పారు. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, టమాటా వద్దు, ఆలూ వద్దు. ఝార్ఖండ్‌లో కూర్చుని ఆలూ వద్దనడం ఎంత సులువో చూశారా! ఇక్కడ ఆలూ లేని కూరేది? బిర్యానీలో కూడా వేసుకునే జనం. మిగతా కూరలైతే చిన్న ముక్కలు తరిగి నానబెట్టి, బోలెడు నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు వార్చేసి అప్పుడు వండుకోమన్నారు. అలా చేస్తే కూరలోని పొటాషియం పోతుందట.

కింద నుంచి చెయ్యి ఊపితే మారుమాట లేకుండా కొక్కెం దించినవాణ్ణి. చెప్పింది చెప్పినట్టు చేశాను. బిష్టుపూర్ వెళ్తే కొబ్బరిబోండాల బండి కనబడగానే రోడ్డు దాటి అవతలి వైపు నడిచాను. సమోసా మొహం చూళ్ళేదు. కూరలు గోరంత ముక్కలు చేసి, నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్ళు వార్చాను. వార్చిన నీళ్ళు మాత్రం గిన్నెలో పట్టి పక్కన పెట్టాను. సాయంత్రం చారుకి కావాలి కదా. కూరలోంచి దోషం పోతుందన్నారు. పోయింది ఎక్కడ ఉంటుందో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

మళ్ళీ పరీక్ష చేయిస్తే పొటాషియం ఇంకా పెరిగింది. డాక్టరు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "చాచా, ఛుప్ ఛుప్ కే క్యా ఖాతే హో?" అన్నాడు. దొంగతిండి తింటున్నానని! పక్కనున్న శ్వేత కూడా అనుమానంగానే చూసింది. "ఆలూ ఖాయా థా?" అంది ఆటోలో.

"నేదమ్మా. ఒట్టు."

"తో ఫిర్ కైసే బఢా?"

నాకేం తెలుసు ఎలా పెరిగిందో? కడుపు మండిపోయింది. ఇష్టమైనవన్నీ మానేసి పశువులా పిప్పి నములుతుంటే దొంగనంటారా? పంతం పట్టాను. కూర ఒక్కసారి కాదు, రెండుసార్లు ఉడకబెట్టడం మొదలుపెట్టాను. రెండుసార్లూ నీళ్ళు వార్చాను. చారు ఎక్కువైంది. ఇదివరకు ఒక గ్లాసు తాగేవాణ్ణి, ఇప్పుడు గిన్నెడు తాగాను. ఎలాగూ తినడానికి ఇంకేం లేదు, ఆకలికీ అదే, దిగులుకీ అదే.

కొన్నాళ్ళకి కాళ్ళు బరువెక్కాయి. మెట్టు ఎక్కుతుంటే ఎవరో వెనక్కి లాగుతున్నట్టుండేది. వయసనుకున్నాను. గుండె ఉండుండి ఒక దెబ్బ మరిచిపోయి, గుర్తొచ్చినట్టు గట్టిగా కొట్టేది. శ్వేతకి చెప్పలేదు. తను అడిగే రెండు ప్రశ్నల్లో అది లేదు.

ఒక రోజు పొద్దున్నే కుళాయి కింద బీరకాయ ముక్కలు కడుగుతున్నాను. మోకాళ్ళు హఠాత్తుగా నావి కాకుండా పోయాయి. కింద పడలేదు, గోడకి ఆనుకుని జారుకుంటూ కూలబడ్డాను. నొప్పి లేదు. లేవాలని చూస్తే కాళ్ళు వినలేదు. చేతులు కూడా నీళ్ళలో నానిన గుడ్డల్లా ఉన్నాయి. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. పైన కుళాయి పారుతూనే ఉంది. తొట్టి నిండి, నీళ్ళు నా ఒళ్ళో పడి, గచ్చు మీద నుంచి గుమ్మం వైపు పోతున్నాయి.

ఫోన్ అవతల గదిలో ఉంది. శ్వేత ఆ పూట ఫోన్ చేసేసింది, మళ్ళీ రేపటిదాకా చెయ్యదు. పక్కింట్లో రీనా గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతోంది. గోడే అడ్డం. గట్టిగా పిలిస్తే వినబడుతుంది. ఏమని పిలవాలి? ఏడాదిగా మాటల్లేని మనిషిని ఏ వరసపెట్టి పిలుస్తాను? చచ్చిపోతానేమో అని భయం వేస్తూనే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. అంతకంటే సిగ్గైన సంగతి నా జీవితంలో ఇంకోటి లేదు. అలాగే కూర్చున్నాను, నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఆ నీళ్ళే నన్ను బతికించాయి. గుమ్మం దాటి, నిండిన కాలువ మీదుగా పొర్లి, రీనా అప్పుడే తుడుచుకున్న వాకిట్లోకి వెళ్ళాయట. ఆమె చీర దోపుకుని తగువుకొచ్చింది. "అంకల్! దిమాగ్ ఖరాబ్ హై క్యా ఆప్‌కా?" అంటూ తలుపు తోసింది. నన్ను చూసింది. ఆ తర్వాత ఆమె పెట్టిన కేకకి సందు సందంతా కదిలింది. వాళ్ళాయన నన్ను ఎత్తి ఆటోలో వేశాడు. దారంతా రీనా నా తల తన భుజానికి ఆనించి పట్టుకుంది. తడిసిన కొంగు నా ముఖానికి తగులుతోంది. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళైందో నాకు అప్పుడే తెలిసింది.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు అంటించారు. కాగితం మీద గీతలు కొండల్లా పొడుగ్గా లేస్తున్నాయని ఒకరితో ఒకరు గబగబా అనుకున్నారు. గుండె నిలకడకని ఒక మందు నరంలోకి ఎక్కించారు. గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇచ్చారు. షుగర్ రోగికి గ్లూకోజు ఇస్తారేమిటని నేను లోలోపల గింజుకున్నాను. తర్వాత రక్తం మెషీన్లో పెట్టి కడిగారు. మర్నాటికి కాళ్ళు నావయ్యాయి.

అప్పుడొచ్చింది బిందుప్రియ. ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి. ఆమె కోటు మీది పేరు చీటీ చూసి నేను ఊరుకున్నాను గానీ, నా పేరు చదివి ఆమె ఊరుకోలేదు.

"మావయ్యా, మీరు తెలుగోళ్ళా? మాది బరంపురం."

ఆసుపత్రి మంచం మీద తెలుగు వినబడితే ప్రాణం లేచొచ్చింది. నా గొడవంతా ఆమె దగ్గర వెళ్ళగక్కాను. చెప్పినట్టే చేశాననీ, దొంగనన్నారనీ, అసలు ఈ పొటాషియం నా మీద ఎందుకు పగపట్టిందనీ అడిగాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పగ కాదు మావయ్యా. అది లేకపోతే మనం లేం. కాకపోతే దాని చోటు లోపల. కండల్లో, కణాల లోపల ఉండాలి. బయట రక్తంలో ఏదో పిసరంతే ఉండాలి. ఆ లోపలికీ బయటికీ ఉన్న తేడా మీదే గుండె కొట్టుకుంటాది. తినేసరికి కొత్తది వత్తాది కదా, ఇన్సులిన్ దాన్ని ముందు లోపలికి తోసేస్తాది. ఎక్కువైంది కిడ్నీలు ఒంటేలులో పంపించేస్తాయి. మీ కిడ్నీలకి ఓపిక తగ్గిపోనాది. అందుకే అది రక్తంలో నిలబడిపోతన్నాది."

నాకు కారఖానా గేటు కళ్ళకి కట్టింది. లోపల పని చేసేవాళ్ళు లోపల ఉండాలి, షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోవాలి. బయటికి పోయే గేటు మూసుకుపోతే జనమంతా రోడ్డు మీదే పేరుకుపోతారు, బండి కదలదు. నిన్న గ్లూకోజుతో ఇన్సులిన్ ఎందుకిచ్చారో కూడా అర్థమైంది. వెళ్ళగొట్టే దారి లేక, అప్పటికి లోపలికి తోశారన్నమాట.

"సరేనమ్మా. మరి నేను అన్నీ ఉడకబెట్టి వార్చుకునే తిన్నాను కదా?"

"కూరగాయలు ఏటేటి తిన్నారు?" చెప్పాను. ఆమె తల ఊపుతూ విని, ఉన్నట్టుండి ఆగింది. నా వైపు అదోలా చూసింది.

"మావయ్యా, వార్చిన నీళ్ళు ఏటి చేసేరు?"

"ఏటి చేత్తాను? చారు పెట్టుకున్నాను."

బిందుప్రియ తల పట్టుకుంది. "మా అమ్మమ్మ కూడా ఇంతే! ఈ మాట అడగాలని ఇక్కడెవరికీ తోచదు. పొటాషియం మాయమైపోదు మావయ్యా, నీళ్ళలోకి దిగుతాది. కూరలోంచి తీసి, చారులో పోసుకుని, మొత్తం తాగేసేరు. పైన చింతపండొకటి."

కబురంది వచ్చి పక్కనే ఉన్న శ్వేతకి బిందుప్రియ హిందీలో చెబితే, శ్వేత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే విషయం బుర్రకెక్కింది. ఇంక చారు లేదు. సారమంతా అందులోనే ఉంటుందని సూరమ్మ అన్నది నిజమే, ఆ సారమే నన్ను చంపబోయింది. నవ్వు ఎక్కడ ఆగిందో తెలీదు, కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది. శ్వేత నీళ్ళ సీసా అందించి, అదీ కొలిచే తాగాలన్నారని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

అందరూ వెళ్ళాక బిందుప్రియని పిలిచి మెల్లగా అడిగాను. "తాగనమ్మా. పెట్టుకుని వాసన చూడొచ్చా?"

ఆమె ఈసారి నవ్వలేదు. "వాసనతో ఏటీ రాదు మావయ్యా. ఎంత కావాలంటే అంత చూసుకోండి" అంది.

ఇంటికొచ్చాక శ్వేత ఒక ఆదివారం వచ్చి, నేను కూర వార్చిన నీళ్ళు కాలువలో పోసేదాకా నిలబడి చూసి వెళ్ళింది. "అగలే సండే ఫిర్ ఆఊఁగీ" అంది. మధ్యలో రోజులన్నీ పారబోస్తూనే వచ్చాను. సాయంత్రాలు మాత్రం పొడుగైపోయాయి. ఆరింటికి వంటింట్లోకి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలీక బయటికొచ్చేవాణ్ణి. ఇల్లు ఏ వాసనా లేకుండా ఉండేది. రెండేళ్ళ కింద సూరమ్మని తీసుకెళ్ళిపోయినప్పుడు నాకు చారు మిగిలింది. ఇప్పుడు సూరమ్మ నిజంగా వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. పప్పూ ఆనపకాయా ఉడకబెట్టి, నీళ్ళు వార్చి గిన్నెలో ఉంచాను. శ్వేత వచ్చి చూడాలి కదా. ఫోన్ మోగింది. అత్తగారింటికి ఎవరో వస్తున్నారట. "పానీ ఫేంక్ దేనా పాపా, హాఁ?" అంది.

"పారబోత్తాన్లే" అన్నాను.

గిన్నె తీసుకుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చింతపండు పిసికాయి, మిరియాలు దంచాయి. పోపు చిటపటలాడి ఇల్లు నిండిపోయింది. సూరమ్మ వెనక్కి తిరిగి నిలబడింది. గ్లాసు నిండా పోసుకున్నాను. వేడి గ్లాసు పెదవి దాకా తెచ్చాను. ఒక్క గ్లాసుకి చస్తానా? చస్తే మాత్రం, ఎవరికేం? రేపు పొద్దున్న ఫోన్లో ఆ రెండు ప్రశ్నలకి జవాబు రాదు, అంతే కదా. నిజంగానే ఇలా అనుకున్నాను. అవతల గోడ వెనక గిన్నెల చప్పుడైంది.

గ్లాసులోది గిన్నెలోకి తిరిగి పోసి, గిన్నె గుడ్డతో పట్టుకుని, కాలువ దాటి వెళ్ళాను. పక్కింటి తలుపు కొట్టడం నాకు అదే మొదలు. రీనా తీసింది. చేతికి తోముడు మసి ఉంది. ఆసుపత్రికి మోసుకెళ్ళినందుకు ఆమెకి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు కూడా కింద నుంచి సైగ చేసేవాడిలా గిన్నె ముందుకి చాపాను.

ఆమె మూత తీసింది. ఆవిరి ముఖానికి తగలగానే మూత పట్టుకునే గిన్నె మీదికి వంగింది.

"సూరమ్మా దీదీ వాలా?" అంది.

తల ఊపాను. ఆమె చేతులు కడుక్కుని చిన్న గిన్నొకటి తెచ్చుకుని గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పోసుకుని, ఊదుకుంటూ తాగింది. కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి రుచి చూసి ముఖం చిట్లించింది.

"నమక్ నహీఁ హై, అంకల్."

"ఉప్పు చూసేవాళ్ళు నేరమ్మా ఇంట్లో" అన్నాను. తెలుగులో అనేశాను. ఆమెకి ఏం అర్థమైందో తెలీదు. లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకుని, చారులో వేసి కలుపుకుంది. తర్వాత మెట్టు మీద కాస్త పక్కకి జరిగింది.

నేను కూర్చున్నాను. గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టి ఉంది. ఆమె తాగుతుంటే, ఎంత కావాలంటే అంత వాసన చూసుకున్నాను.